ఒకే గోడ, ఎనభై మంది యజమానులు: క్లో ద వూజో తోట వెనుక కథ

ఫ్రాన్సులోని బర్గండీ ప్రాంతంలో దీజోన్ నుంచి దక్షిణాన బోన్ పట్టణానికి వెళ్లే రోడ్డు పక్కన వూజో అనే చిన్న ఊరుంది. ఊరిని ఆనుకుని రాతి ప్రహరీ, దాని లోపల 50 హెక్టార్లకు పైబడిన ద్రాక్షతోట. మన లెక్కలో దాదాపు 125 ఎకరాలు. తోట పేరు క్లో ద వూజో. పండేది పినో న్వార్ అనే ఒకే రకం నల్లద్రాక్ష, తయారయ్యేది ఎర్ర వైన్. బర్గండీ తోటలకు చట్టం ఇచ్చే అన్నిటికన్నా పై హోదా 'గ్రాండ్ క్రూ'. అది ఈ తోటలో ప్రతి అంగుళానికీ ఉంది.

హోదా ఒకటే అయినా సరుకు ఒకటి కాదు. ఇదే పేరుతో వచ్చే సీసాల్లో కొన్ని ఇరవై ముప్పై ఏళ్లు నిలిచి ఇంకా రుచి తేలుతుంటే, కొన్ని కొద్ది ఏళ్లకే చప్పబడిపోతాయి. ధరల్లోనూ ఎన్నో రెట్ల తేడా ఉంటుంది. కొని నిరాశపడ్డవాళ్లు తప్పంతా వైన్ చేసినవాళ్లమీద వేస్తారు. అసలు చిక్కు అంతకన్నా చాలా పాతది. గోడ ఏ కారణంతో కట్టారో, పొలం ఎప్పుడు ముక్కలైందో, చట్టం ఏ గీతను హద్దుగా తీసుకుందో వరుసగా చూస్తే అది అర్థమవుతుంది.

సీతో మఠం 1098లో పుట్టింది. సిస్టర్షియన్ సన్యాసుల శాఖకు అదే మూలస్థానం. మఠం ఉన్నది మైదానంలో, చిత్తడి నేలలో. పూజకు వైన్ కావాలి, అతిథులకూ కావాలి. ఆ పల్లంలో మాత్రం మంచి ద్రాక్ష పండదు. అందుకని పడమటి వైపు కొండవాలు మీద భూములు సంపాదించడం మొదలుపెట్టారు. 12వ శతాబ్దం తొలి దశకాల్లో దాతలిచ్చిన భూమి చెక్కలతో మొదలై, కొనుగోళ్లతో, మార్పిళ్లతో రెండు వందల ఏళ్లకు పైగా కూడబెట్టారు. 1336 నాటికి మొత్తం చుట్టూ ప్రహరీ పూర్తయింది. 'క్లో' అన్నా అదే, గోడ కట్టిన తోట.

ఆ గోడ నేల గుణాన్ని బట్టి కట్టింది కాదు. సన్యాసుల చేతికొచ్చిన భూమి ఎక్కడ ముగిసిందో గోడా అక్కడే ముగిసింది. ఇప్పటికీ నడుస్తున్న గొడవకంతటికీ మొదలు ఇదే.

గోడ లోపలి వాలు పైనుంచి కిందికి చూస్తే ఎత్తు తేడా దాదాపు 15 మీటర్లు మాత్రమే. సముద్ర మట్టానికి 255 మీటర్ల దగ్గర మొదలై 240 దగ్గర ముగుస్తుంది. నడిచేవాడికి పెద్దగా తెలియని ఈ వాలులో నేల మూడు తీర్లు. పై అంచున, మఠం వాళ్ల భవనం ఉన్న వైపు, అడుగున్నర కూడా లోతులేని మట్టి, దాని కింద సున్నపురాయి. మట్టిలోనే గులకరాళ్లు కలిసి ఉంటాయి. వాన కురిసిన కాసేపటికే నీరు దిగిపోతుంది. వేర్లు రాతి పగుళ్లు వెతుక్కుంటూ లోతుకు పోతాయి. పక్కనే గోడ అవతల ముసీన్యీ, గ్రాండ్ ఎషెజో ఉన్నాయి. బర్గండీ మొత్తంలో పేరుమోసిన తోటలవి. మధ్య భాగంలో సున్నపురాతి మీద బంకమట్టి పాలు పెరుగుతుంది, అయినా మంచి నేలే. కింది భాగం వేరు. శతాబ్దాలుగా పైనుంచి కొట్టుకొచ్చిన ఒండ్రు అక్కడ మూడడుగుల మందాన పేరుకుంది. వాలు దాదాపు లేదు. నీరు పోయే దారీ సరిగా లేదు. పక్కన పోయే రోడ్డును ఏళ్ల తరబడి ఎత్తు చేస్తూ రావడంతో కింది చాళ్లలో నీరు ఇంకా నిలుస్తోంది.

నీరు నిలిస్తే వేరు పైపైనే ఉండిపోతుంది, కాయ నీరుపట్టి ఉబ్బుతుంది, తొక్కకూ రసానికీ మధ్య పాళ్లు చెడతాయి. పినో న్వార్ గుత్తి చిన్నది, కాయలు ఒకదానికొకటి ఒత్తుకుని ఉంటాయి, తొక్క పలచన. సెప్టెంబరులో నాలుగు రోజులు ముసురు పట్టిందంటే లోపలి కాయ పగిలి బూజు తెగులు గుత్తంతా పాకుతుంది. ఆ దెబ్బ ముందు తగిలేది కింది చాళ్లకే. గోడకు దక్షిణాన ఇదే మట్టంలో ఉన్న వోన్ రొమనే పొలాలకు దక్కింది ఊరి పేరు పెట్టుకునే మామూలు హోదా. రోడ్డు దాటితే అదీ లేదు. గోడ లోపల ఉన్నందుకే ఈ కింది నేల గ్రాండ్ క్రూ అయింది.

సన్యాసులకు ఇదొక సమస్య కాలేదు, ఎందుకంటే తోట మొత్తానికి యజమాని ఒక్కరే. వైన్ నిల్వచేసే 12వ శతాబ్దపు కొట్టు, పొడవాటి దూలాన్ని కిందికి దించి పండు పిండే భారీ కొయ్య గానుగలు, 1551లో కట్టించిన భవనం ఇప్పటికీ తోటలోనే ఉన్నాయి. ఏ చెక్క పంట ఎప్పుడు కోయాలో, దేనితో దేన్ని కలపాలో, దేన్ని విడిగా ఉంచాలో ఒక్కచోటే తేలేది. పై నేల వైన్ పోప్‌కూ రాజులకూ, మధ్యది పెద్దమనుషులకూ, కిందిది మఠం వాడకానికీ అని బర్గండీలో ఒక మాట తరతరాలుగా ఉంది. అది రుజువుకన్నా వాడుకగానే వినిపిస్తుంది. కానీ పైదీ కిందిదీ కలిపితే పైనేల సువాసన, కిందినేల బరువు రెండూ వస్తాయన్నది ఇప్పటికీ రెండు చోట్లా వాటాలున్న కొద్దిమంది నిజం చేసి చూపిస్తున్నారు.

పినో ఒక్కటే పండాలన్న పట్టుదల కూడా పాతదే. 1395లో బర్గండీ డ్యూక్ ఫిలిప్, విరగకాసే గామే రకాన్ని తన రాజ్యంలో పీకేయమని ఆజ్ఞ ఇచ్చాడు. దిగుబడి మీద గుణానికి పీట వేసిన శాసనమది. రైతులు వెంటనే పాటించలేదు, పాటించమనడం తేలికా కాదు, కానీ వాలు మీది మంచి నేలల్లో పినో పట్టు అక్కడినుంచే బిగిసింది.

ఇక చాలామంది పొరపడే చోటు. తోటను ముక్కలు చేసింది ఫ్రెంచి విప్లవం అని తరచు రాస్తుంటారు. మఠాల ఆస్తులను విప్లవ ప్రభుత్వం జాతీయం చేసింది నిజమే. 1791లో ఈ తోటను వేలం వేసింది కూడా నిజమే. కానీ అమ్మింది ఏకమొత్తంగా. మొదట పాడుకున్నవాడు డబ్బు కట్టలేకపోయాడు, చేతులు మారింది, 1818లో ఉవ్రార్ కుటుంబం కొన్నది. వాళ్లూ ముక్క కూడా విడదీయకుండా 1889 దాకా నిలబెట్టారు. అంటే గోడ పూర్తయ్యాక ఐదున్నర శతాబ్దాలు తోట ఒకే చేతిలో ఉంది. మధ్యలో 1855లో జూల్ లవాల్ అనే పండితుడు బర్గండీ తోటలను తరగతులుగా విభజించి, దీన్ని అగ్రశ్రేణిలో పెట్టాడు. ఆయన ముందున్నది ఒక్క యజమాని కలిపి చేసిన వైన్ అని గుర్తుపెట్టుకోవాలి. ఆ మెప్పు ఇవాళ్టి ముక్కలన్నిటికీ విడివిడిగా వర్తించదు.

1878లో వేరుపురుగు ఫిలోక్సెరా వూజో ఉన్న కోత్ దోర్ జిల్లాలో బయటపడింది. అమెరికా నుంచి వచ్చిన ఈ సన్నని పురుగు వేరు రసం పీల్చి కొన్నేళ్లలో మొక్కను చంపేస్తుంది. కార్బన్ డైసల్ఫైడ్‌ను నేలలోకి ఎక్కించి చూశారు. ఖర్చెక్కువ, ఏటేటా చేయాలి, పైగా అది మంటంటుకునే విషం. చివరికి మిగిలిన దారి అమెరికా వేరు మీద పినో అంటు కట్టడం. అక్కడ ఇంకో దెబ్బ తగిలింది. మొదట తెచ్చిన అమెరికా వేర్లు సున్నపు నేలలో ఇనుము అందుకోలేక ఆకులు పసుపు తిరిగి ఎండాయి. 1887లో పియెర్ వియాలా అనే ద్రాక్ష శాస్త్రవేత్త అమెరికా వెళ్లి, టెక్సస్ సున్నపు గుట్టల్లో పెరిగే బెర్లాండియేరీ జాతిని గుర్తించాక, దాని సంకరాలతో ఈ చిక్కు విడింది. మన ద్రాక్ష రైతులు ఉప్పు నీటికీ నీటి ఎద్దడికీ తట్టుకోవాలని డాగ్‌రిడ్జ్ వేరు వాడినట్టు, అక్కడ సున్నానికి తట్టుకునే వేరు వెతుక్కున్నారు.

అంటుతో తోట రూపమే మారింది. అంతకుముందు ముసలి మొక్క కొమ్మను మట్టిలో పాతి, అక్కడే కొత్త మొక్క లేపేవాళ్లు. చాళ్లూ వరుసలూ లేకుండా తోటంతా గుబురుగా ఉండేది. అంటు మొక్క కొమ్మను అలా పాతితే సొంత వేరు పుట్టి మళ్లీ పురుగుకు దొరుకుతుంది. అందుకని మొత్తం పీకి, తీగెలు కట్టి, మీటరుకొకటి చొప్పున చాళ్లుగా నాటారు. హెక్టారుకు సుమారు పది వేల మొక్కలన్న లెక్క ఇప్పటికీ నడుస్తోంది. ఇంత పెట్టుబడి పెట్టాల్సిన రోజుల్లోనే, 1889లో, ఉవ్రార్ వారసులు తోటను ఆరుగురు వైన్ వర్తకులకు అమ్మారు. ముక్కలు కావడం ఇక్కడ మొదలైంది. వర్తకులు మళ్లీ అమ్ముకున్నారు. ఆపైన పిల్లలందరికీ సమాన వాటా ఇచ్చే ఫ్రెంచి వారసత్వ చట్టం పని అందుకుంది. ఇవాళ యజమానులు దాదాపు ఎనభై మంది. అందరిలో పెద్ద వాటా షాతో ద లా తూర్ వారిది, అదీ 5.48 హెక్టార్లే. మఠం భవనం మాత్రం విడిగా నిలిచింది. 1934లో పుట్టిన తాస్త్‌వాన్ వైన్ సంఘానికి రెండో ప్రపంచ యుద్ధం చివర్లో అది కేంద్రమైంది.

1937లో చట్టం హద్దులు గీసినప్పుడు అధికారుల ముందు రెండు దారులున్నాయి. నేలను తవ్వి చూసి తోటను మూడు తరగతులుగా విడదీయడం ఒకటి, గోడనే హద్దుగా తీసుకోవడం రెండోది. రెండోదే చేశారు. కోర్టు గొడవలు లేని దారి అది, శతాబ్దాల పేరునూ గౌరవించినట్టయింది. కానీ ఒక యజమాని కలిపి చేసినప్పుడు వచ్చిన పేరును, కలిపే వీలు లేని ఎందరో యజమానులకు పంచిపెట్టారు. ఇది సరైన నిర్ణయం కాదని చెప్పక తప్పదు.

వాటా చిన్నదైతే ఏమవుతుందో లెక్కేసి చూడవచ్చు. బర్గండీలో పాత భూకొలత 'ఊవ్రే', ఒక మనిషి ఒక రోజులో తవ్వగలిగిన నేల. 4.28 ఆర్లు, అంటే పదిన్నర సెంట్లు. ఇక్కడ హెక్టారుకు అనుమతించే మూల దిగుబడి 35 హెక్టోలీటర్లు. ఆ లెక్కన ఒక ఊవ్రేకి 150 లీటర్లు, రెండు వందల సీసాలు. మొక్కలతో చూస్తే రెండు మొక్కలకు ఒక సీసా. 0.3 హెక్టార్లు, అంటే 74 సెంట్లున్న రైతుకు 1,050 లీటర్లు వస్తాయి. బర్గండీ పీపా 228 లీటర్లది. నాలుగు పీపాలు నిండి ఐదోది సగం పైన ఆగుతుంది. ఖాళీ ఉన్న పీపాలో గాలి చేరి వైన్ పులుస్తుంది, కాబట్టి మిగిలినదాన్ని 114 లీటర్ల చిన్న పీపాలో పోయాలి. కొయ్యలోంచి ఆవిరైన కొద్దీ నింపడానికి అదే తోట వైన్ కొంత పక్కన ఉంచుకోవాలి. చిన్న తొట్టెలో పులియబెడితే వేడి నిలవదు. ముప్పై డిగ్రీల దాకా ఎక్కాల్సినది మధ్యలోనే చల్లబడితే తొక్కలోని రంగూ వగరూ సరిగా దిగవు. అది పూడ్చాలని ఎక్కువ తొక్కితే, ముఖ్యంగా కింది బంకనేల పండుతో, వగరు మొరటుగా దిగుతుంది. ఆ మొరటుదనం ఏళ్లు గడిచినా పోదు.

నేలకు జరిగిన హాని ఇంకా ఇటీవలిది. రెండో యుద్ధం తర్వాత బర్గండీ అంతటా పొటాష్ ఎరువు విరివిగా పోశారు. పొటాషియం కాయలో చేరితే పులుపు విరిగిపోతుంది. పులుపు తగ్గిన వైన్ రంగు తేలిపోయి త్వరగా ముసలిదవుతుంది. నిటారుగా పెరిగి విరగకాసే పినో రకాలూ అప్పుడే నాటారు. చాళ్ల మీదుగా నడిచే ట్రాక్టర్లు కింది బంకమట్టిని ఇంకా గట్టిపరిచాయి. ఇప్పుడు చాలామంది చాళ్ల మధ్య గడ్డి పెంచుతున్నారు, కొందరు గుర్రాలతో దున్నుతున్నారు, నాణ్యమైన పాత మొక్కల కొమ్మలు ఎంచుకుని అంట్లు కడుతున్నారు. పొటాష్ మాత్రం నేలలోంచి అంత త్వరగా దిగదు.

కొనేవాళ్లు లేబుల్ మీద తోట పేరు కన్నా చేసినవారి పేరు ముందు చూడాలి. ఆ తర్వాత వారి వాటా ఎక్కడుందో కనుక్కోవాలి. కొందరు లోపలి చెక్క పేరు లేబుల్ మీదే వేస్తారు. ముసీన్యీని ఆనుకున్న 'ముసిన్యి', 'గ్రాండ్ మొపెర్తుయి' లాంటివి పై భాగాలు. అలాగని కింది వాటాలన్నీ కొట్టిపారేసేవి కావు. వానలు ఆలస్యమై నేల బీటలిచ్చే ఏడాదిలో పై భాగపు పలచని మట్టిలో మొక్క ఆకు ముడుచుకుని పండు ఆగిపోతుంది, కింది లోతైన బంకమట్టి మాత్రం చివరిదాకా నీరు అందిస్తుంది. వేడి పెరుగుతున్న ఈ కాలంలో అలాంటి ఏడాదులు ఎక్కువవుతున్నాయి, కాబట్టి కింది చాళ్లలో శ్రద్ధగా పనిచేసేవారి సీసాలను సంవత్సరం చూసి ఎంచుకోవచ్చు. నిలవుండే మంచి సీసానైతే, ఏ భాగానిదైనా, పదేళ్లలోపు తెరిస్తే వగరే ముందు తగలవచ్చు.