స్కైరిమ్‌లో క్యారెక్టర్ పాడైపోదు తమ్ముడూ

"అన్నా, రేస్ తప్పు తీసుకున్నా, పర్కులూ తప్పే పెట్టా. మళ్లీ మొదటి నుంచి ఆడాలా?"

స్కైరిమ్ అనే ఫాంటసీ వీడియో గేమ్ ఆడేవాళ్ల నుంచి మా గేమింగ్ సెంటర్‌లో ఈ ప్రశ్న వినని నెల లేదు. రేస్ అంటే మొదట్లో ఎంచుకునే క్యారెక్టర్ జాతి, పర్కులంటే లెవెల్ పెరిగినప్పుడు వచ్చే పాయింట్లతో తీసుకునే ప్రత్యేక సామర్థ్యాలు. జవాబు ఒకటే: అక్కర్లేదు.

పోయిన సెలవుల్లో ఒక డిగ్రీ కుర్రాడు గంటకింత అని కట్టి మరీ తొమ్మిదిసార్లు మొదలుపెట్టాడు. ప్రతిసారీ అదే గుర్రబ్బండి, అవే కట్టేసిన చేతులు, హెల్గెన్ ఊళ్లో అదే డ్రాగన్. మొదట్లో వచ్చే వైట్‌రన్ నగరం దాటింది లేదు. నాకు గిట్టుబాటే కానీ చూడలేకపోయా. యోధుల జాతి ఆర్క్‌ని తీసుకుంటే మంత్రాలు దండగని ఎవరో చెప్పారట.

చెప్పినవాళ్లు లెక్క చూశారా? ఏ రేస్ తీసుకున్నా ఒక స్కిల్‌కి 10, ఐదు స్కిల్స్‌కి 5 పాయింట్లు అదనం. మిగతావన్నీ 15 దగ్గర మొదలవుతాయి. వెళ్లాల్సింది 100 దాకా. హై ఎల్ఫ్ జాతికి మాజికా (మంత్రాలకు ఖర్చయ్యే శక్తి) 50 ఎక్కువ, నిజమే. లెవెల్ పెరిగినప్పుడల్లా 10 పెంచుకోవచ్చు కదా, ఐదు లెవెల్స్‌లో ఆర్క్ కూడా అక్కడికి వస్తాడు. దీనికి ముందు గేమ్ ఆబ్లివియన్‌లో లాగా ఇక్కడ క్లాస్ (యోధుడు, మాంత్రికుడు లాంటి వర్గం) అనేదే లేదు. ఉన్నవి 18 స్కిల్స్, ఏది వాడితే అది పెరుగుతుంది. నలభయ్యో లెవెల్‌లో కత్తి పక్కన పెట్టి విల్లు పట్టుకున్నా ఎవరూ అడగరు.

పర్కుల టెన్షనా? పాయింటు వచ్చిన వెంటనే ఖర్చు పెట్టాలని రూలేం లేదు, దాచుకోండి. 2013లో వచ్చిన ప్యాచ్ (అప్‌డేట్) ఉంటే 100కి చేరిన స్కిల్‌ని లెజెండరీ చేయొచ్చు. స్కిల్ 15కి పడిపోతుంది, అందులో పెట్టిన పర్కులన్నీ వెనక్కి వస్తాయి.

క్యారెక్టర్‌ని నిజంగా ఇబ్బంది పెట్టేది వేరే ఉంది. మొదట్లో నేనూ ఆ గోతిలోనే పడ్డా. వైట్‌రన్ కమ్మరి కొలిమి దగ్గర కూర్చుని రాత్రంతా ఇనుప బాకులు చేశా. కమ్మరం స్కిల్ పెరిగేసరికి లెవెల్ సర్రున పెరిగింది. కత్తి స్కిల్ మాత్రం ఉన్నచోటే ఉంది. శత్రువుల్లో చాలామంది మన లెవెల్‌ని బట్టి బలపడతారు మరి! బందిపోటు నాయకుడు ఒక్క దెబ్బకి పడుకోబెట్టాడు. అప్పుడూ రీస్టార్ట్ చేయలేదు. డిఫికల్టీ తగ్గించి, పోరాటం స్కిల్స్ పెరిగాక మళ్లీ పెంచా.

అన్నిటికన్నా కష్టమైన లెజెండరీ డిఫికల్టీలోనే అసలు ఆట అంటారు కొందరు. అందులో మీ దెబ్బ పావు వంతు, మీకు తగిలేది మూడింతలు. సరదా అనిపిస్తే ఆడండి, లేకపోతే మానేయండి. మీ వెంట వచ్చే యోధురాలు లిడియా చనిపోతే కథ ఆగిపోతుందా? ఆగదు.

వెనకబడ్డామనుకునేవాళ్లు ఫీజు తీసుకుని స్కిల్ నేర్పే ట్రైనర్‌ దగ్గరికి వెళ్లండి, ఒక్కో లెవెల్‌కి ఐదు పాఠాలు. రివర్‌వుడ్ ఊళ్లో ఫెండాల్ విలువిద్య 50 దాకా నేర్పుతాడు. అతను ఇష్టపడే కమిల్లా విషయంలో అతని పక్షాన నిలబడితే మీ వెంట వస్తాడు. అప్పుడు కట్టిన ఫీజు అతని సంచిలోంచే తీసుకోవచ్చు. ఇంతవరకూ నన్ను ఒక్కసారీ అడగలేదు పాపం.