బయటికి రాని ఊపిరి

మా అమ్మమ్మ పొయ్యి రాజెయ్యాలంటే పెదవులు సున్నాలా చుట్టి, ఊదుగొట్టానికి ఆనించి, బుగ్గలు పొంగేలా ఊదేది. పచ్చికట్టెలు ఒక పట్టాన అంటుకునేవి కావు. వంటింటి నిండా పొగ, కళ్ల నిండా నీళ్లు. యాభై ఏళ్లు అలాగే వండింది. అరవై ఐదు దాటాక పెరట్లోంచి వసారాలోకి వచ్చేసరికే ఆయాసం. మంచం అంచున కూర్చుని, చేతులు మోకాళ్ల మీద ఆన్చి, మళ్లీ అలాగే పెదవులు చుట్టి మెల్లగా గాలి వదిలేది. "గాలి ఆడట్లేదురా" అనేది.

గాలి ఆడట్లేదంటే లోపలికి పోవట్లేదనే అనుకుంటాం. ఆమె జబ్బులో అసలు తిప్పలు గాలి బయటికి రావడంలో ఉంది. దాన్ని సీఓపీడీ అంటారు, ఊపిరితిత్తుల్లో గాలి గొట్టాలు ఇరుకైపోయే దీర్ఘకాలిక జబ్బు. సిగరెట్ తాగేవాళ్ల జబ్బని పేరుపడింది కానీ, బీడీ ముట్టని ఆడవాళ్లకి కట్టెల పొగ, పిడకల పొగ వల్ల కూడా వస్తుంది. "వయసు మీద పడింది కదా" అని ఇంట్లో అందరం ఏళ్ల తరబడి దగ్గుమందుతో సరిపెట్టాం. అది ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ఊపిరితిత్తుల్లో గాలి గొట్టాలు కొమ్మల్లా చీలుతూ చీలుతూ కోట్ల కొద్దీ చిన్న గాలితిత్తుల దగ్గర ఆగుతాయి. వాటన్నిటినీ విప్పి పరిస్తే దాదాపు 70 చదరపు మీటర్లు, అంటే చిన్న డబుల్ బెడ్‌రూం ఇల్లంత. గాలికీ రక్తానికీ మధ్య గోడ మిల్లీమీటరులో వెయ్యో వంతు కూడా ఉండదు. విశ్రాంతిగా ఉన్నప్పుడు ఎర్రకణం ఆ గోడ పక్కనుంచి ముప్పావు సెకనులో వెళ్లిపోతుంది. పావు సెకనులోనే దానికి కావలసిన ఆక్సిజన్ నిండిపోతుంది, మిగతా అర సెకను మనకున్న వెసులుబాటు. ఊపిరితిత్తి మచ్చలు కట్టి గోడ మందమయ్యే జబ్బుల్లో పోయేది ఆ వెసులుబాటే. అందుకే వాళ్లకి కూర్చున్నప్పుడు వేలికి పెట్టిన ఆక్సిజన్ మీటరు బాగానే చూపించినా, నాలుగడుగులు వేస్తే అంకె పడిపోతుంది. నెమ్ము చేసినప్పుడు కథ వేరు. గాలితిత్తి నీరూ చీమూ పట్టి మూసుకుపోతుంది కాబట్టి, రక్తం అక్కడికి వెళ్లినా ఉత్త చేతులతో తిరిగొస్తుంది.

అమ్మమ్మకి చెడింది సన్నగొట్టాలు. పొగకి వాటి గోడలు వాచి, కఫం పట్టి ఇరుకైపోయాయి. గొట్టం వ్యాసం సగమైతే గాలికి అడ్డు రెట్టింపు కాదు, 16 రెట్లవుతుంది. పీల్చేటప్పుడు ఛాతీ విచ్చుకుంటూ గొట్టాలనీ లాగి తెరుస్తుంది. వదిలేటప్పుడు అవి నొక్కుకుపోతాయి. లోపలి గాలి పూర్తిగా రాకముందే మళ్లీ పీల్చక తప్పదు. అలా పాతగాలి మీద కొత్తగాలి పేరుకుని ఛాతీ పీపాలా ఉబ్బుతుంది.

అదెలా ఉంటుందో తెలియాలంటే నిండా ఊపిరి పీల్చండి. వదలకుండా, ఆ పైనే చిన్న చిన్న ఊపిర్లు నాలుగు తీయండి. పెరటి నుంచి వసారా దాకా ఆమె నడక అది.

పెదవులు చుట్టి వదిలితే నోటి దగ్గర అడ్డుకున్న గాలి ఒత్తిడి వెనక్కి నిలిచి, గొట్టాలు మూసుకుపోకుండా పట్టుకుంటుంది. డాక్టర్లు నేర్పించే ఆ పద్ధతి అమ్మమ్మకి ఎవరూ నేర్పలేదు.

గాలి ఇరుక్కుంటే కార్బన్ డయాక్సైడ్ కూడా ఇరుక్కుంటుంది. పొద్దున్నే తలనొప్పి, మత్తు అందుకే. ఆక్సిజన్ పెట్టినప్పుడు ఇలాంటివాళ్లకి మీటరు 88 నుంచి 92 మధ్య ఉంచమని చెబుతారు. 98 చూడాలని ఇంట్లోవాళ్లు సిలిండర్ ఎక్కువ తిప్పితే ఆ మత్తు ప్రాణం మీదికే తెస్తుంది.

ఉమ్మడి రాష్ట్రంలో 1999లో దీపం పథకం వచ్చాక మా ఊళ్లోనూ గ్యాస్ పొయ్యిలు వెలిగాయి. మా ఇంట్లో టీ దాని మీద, అన్నమూ వేణ్ణీళ్లూ మాత్రం చాలా కాలం కట్టెల మీదే.

చివరికి ఊపిరి ఎంత, ఎంత వేగంగా బయటికి వస్తుందో కొలిచే స్పైరోమెట్రీ పరీక్ష చేయించాం. అట్టగొట్టం నోట్లో పెట్టి, "ఊదమ్మా, ఊదు, ఊదు, ఇంకా ఊదు" అంటూ టెక్నీషియన్ అరుస్తుంటే అమ్మమ్మ కళ్లు మూసుకుని ఊదింది. మంచి ఊపిరితిత్తి నిండా పీల్చిన గాలిలో 70 శాతానికి పైగా మొదటి సెకనులోనే బయటికి తోసేస్తుంది. ఆమెకి సగం కూడా రాలేదు. ఆరు సెకన్లు దాటినా తెర మీద గీత నిలవకుండా, కొద్దికొద్దిగా పైకి పాకుతూనే ఉంది.