35 దాటిన అంకె

విశాఖ ఎంవీపీ కాలనీలో మా పక్కింటావిడకు నలభై రెండేళ్లు. ఒంట్లో ఏ బాధా లేదు. తగ్గింపు ధరకు వస్తుందని హెల్త్ చెకప్ ప్యాకేజీ చేయించుకుంటే అందులో సీఏ-125 అనే ట్యూమర్ మార్కర్ (క్యాన్సర్ ఉంటే రక్తంలో పెరగగల ప్రోటీన్) 62 వచ్చింది. 35 లోపు ఉండాలని పక్కనే అచ్చు వేసి ఉంది. తెల్లారేసరికి ఆ ఇంట్లో అందరూ అండాశయ క్యాన్సర్ గురించి ఫోన్లలో చదివేశారు.

డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న: ఈ పరీక్ష ఎవరు రాశారు? ఎవరూ రాయలేదు. చిక్కంతా అక్కడే ఉంది.

ఆరోగ్యంగా ఉన్న ఆడవాళ్లలో నూటికి ఒకరు దాటే చోట గీసిన గీత ఆ 35. అంటే ఏ జబ్బూ లేని వెయ్యిమందికి ఈ పరీక్ష చేస్తే సుమారు పదిమందికి నిద్ర కరవు. పొట్ట లోపలి పొర, గర్భాశయపు పొర కూడా ఈ ప్రోటీన్‌ను తయారుచేస్తాయి. నెలసరి, గర్భం, ఎండోమెట్రియోసిస్ (గర్భాశయపు పొరలాంటిది బయట పెరగడం), ఫైబ్రాయిడ్లు (గర్భాశయంలో క్యాన్సర్ కాని గడ్డలు), కాలేయం దెబ్బతిని పొట్టలో చేరిన నీరు, వీటిలో ఏదైనా అంకెను పెంచగలదు. మన దేశంలో ముఖ్యంగా గుర్తుంచుకోవలసింది పొట్టలో టీబీ. మార్కర్ వందలు దాటవచ్చు, స్కాన్ కూడా అచ్చం క్యాన్సర్‌లాగే కనిపించవచ్చు. తేల్చవలసింది ముక్క పరీక్షే (బయాప్సీ).

మిగతా మార్కర్లదీ ఇదే తీరు. పొగ తాగితే పేగు క్యాన్సర్‌కు చూసే సీఈఏ, పిత్తనాళంలో రాయి అడ్డుపడితే క్లోమ క్యాన్సర్‌కు చూసే సీఏ 19-9, మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉంటే ప్రోస్టేట్ క్యాన్సర్‌కు చూసే పీఎస్ఏ పెరగవచ్చు. తక్కువ వచ్చిందని సంబరపడటానికీ లేదు. తొలి దశ అండాశయ క్యాన్సర్లలో దాదాపు సగం సీఏ-125కి చిక్కవు. బ్రిటన్‌లో రెండు లక్షల మందికి పైగా మహిళలపై జరిగిన అధ్యయనం 2021లో తేల్చిందీ నిరాశే: లక్షణాలు లేనివాళ్లకు ఏటా ఈ పరీక్ష చేసినా ఆ క్యాన్సర్ మరణాలు తగ్గలేదు. అగనంపూడి క్యాన్సర్ ఆసుపత్రిలాంటి చోట, చికిత్స పనిచేస్తోందో లేదో చూడటానికైతే ఇదే అంకె బంగారం.

పొట్ట ఉబ్బరం తగ్గకపోయినా, బరువు పడిపోతున్నా, నెలసరి ఆగిపోయాక రక్తం కనిపించినా వెంటనే వెళ్లాలి. అవేమీ లేకపోతే డాక్టరు సలహాతో కొన్ని వారాలాగి, నెలసరి రోజులు తప్పించి, అదే ల్యాబులో మళ్లీ చేయించాలి. ల్యాబు మారితే కిట్ మారుతుంది, కిట్ మారితే అంకె మారుతుంది. ఒక్క అంకె కన్నా అది ఎటు నడుస్తోందన్నదే ముఖ్యం.

పక్కింటావిడకు స్కాన్‌లో ఫైబ్రాయిడ్లు కనిపించాయి. రెండోసారి 41 వచ్చింది. మూడు నెలలకు మరోసారి చూద్దామన్నారు. ఆ కాగితాన్ని ఆమె ఫ్రిజ్ మీద, కరెంటు బిల్లు కింద పెట్టింది.