పగడపు దిబ్బల మీద జనాభా లెక్కలు

సముద్ర సంరక్షణ యాత్రలకు వాలంటీర్లుగా వెళ్లే స్కూబా డైవర్ల పనిలో పెద్ద భాగం లెక్కపెట్టడమే. పగడాలు నాటడం, వలలు కోసి తీయడం ఫొటోల్లో బాగా కనబడతాయి. కానీ ఒక దిబ్బ కోలుకుంటోందా, క్షీణిస్తోందా అన్నది తేలాలంటే ఏటా అదే చోట, అదే పద్ధతిలో తీసిన అంకెలు కావాలి. దిబ్బలన్నిటికీ సరిపడా పరిశోధకులు లేరు. అందుకే మామూలు డైవర్లూ నేర్చుకోగల పద్ధతులు వచ్చాయి. 1997లో తొలి సర్వే జరిపిన రీఫ్ చెక్ పద్ధతి వాటిలో ఒకటి.

ఇందులో దిబ్బ వెంబడి, ఒకే లోతులో 100 మీటర్ల టేపు పరుస్తారు. 20 మీటర్ల చొప్పున నాలుగు భాగాలు, వాటి మధ్య 5 మీటర్ల ఖాళీలు. పరిచీ పరచగానే లెక్క మొదలుపెట్టకూడదు. అలికిడికి చెదిరిన చేపలు మళ్లీ చేరడానికి పావుగంట ఆగాలి. ముందు చేపలు, తర్వాత అర్చిన్లు (ఒంటినిండా ముళ్లుండే గుండ్రటి సముద్రజీవులు), ఆల్చిప్పల వంటివి, చివరికి అడుగున ఉన్నదేమిటో చూడటం. ప్రతి అర మీటరుకూ దారానికి కట్టిన చిన్న బరువును వదిలి, అది తగిలినచోట ఉన్నది బతికిన పగడమా, రాయా, ఇసుకా, నాచా అని రాసుకుంటారు. మొత్తం 160 చుక్కలు. బరువు ఎందుకంటే, కంటితో ఎంచుకుంటే చూపు తెలియకుండానే అందమైన పగడం మీదికి పోతుంది.

నీళ్లు కూడా కంటిని మోసం చేస్తాయి. మాస్కులోంచి చూస్తే వస్తువులు మూడో వంతు పెద్దవిగా కనిపిస్తాయి. 30 సెంటీమీటర్లు దాటిన గ్రూపర్ చేపలనే లెక్కించాలన్న నియమం ఉన్నప్పుడు, 23 సెంటీమీటర్ల చేప కూడా జాబితాలోకి ఎక్కేస్తుంది. రాసుకునే పలక అంచున సెంటీమీటర్ల గీతలు పెట్టుకుని, కొలత తెలిసిన పైపు ముక్కలతో నీళ్లలోనే సాధన చేస్తే ఈ పొరపాటు తగ్గుతుంది. రంగులదీ ఇదే చిక్కు, లోతుకు వెళ్లేకొద్దీ ముందు ఎరుపే మాయమవుతుంది. అందుకే పగడం పాలిపోయిందో లేదో జ్ఞాపకాన్ని బట్టి చెప్పకుండా, పగడాల రంగును పోల్చడానికే చేసిన కోరల్‌వాచ్ రంగుల అట్టను పగడం పక్కనే పెట్టి పోల్చాలి. కొమ్మల కొనలు సహజంగానే తెల్లగా ఉంటాయి కాబట్టి వాటిని వదిలేయాలి.

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది లెక్కల పట్టికలో ఖాళీగా వదిలిన గడి. వెతికినా దొరకలేదా, అసలు వెతకలేదా? ఖాళీ గడి ఆ సంగతి చెప్పదు, సున్నా చెబుతుంది. 1983-84లో కరీబియన్ సముద్రంలో డయడెమా అర్చిన్లు నూటికి తొంభైకి పైగా చచ్చిపోయాయి. నాచు మేసేవి లేక చాలా దిబ్బలను నాచు కమ్మేసింది. ఆ నష్టం ఎంతో తెలిసిందంటే అంతకు ముందే ఎవరో అర్చిన్లను లెక్కపెట్టి ఉండటం వల్లే. ఏమీ కనబడలేదని నిరాశపడే వాలంటీరుకు ఈ మాట ముందే చెప్పాలి.

తేలుడు అదుపు, అంటే నీళ్లలో మునగకుండా, పైకి తేలిపోకుండా నిలవడం, రానివారు ఈ పనికి ఇంకా సిద్ధం కానట్టే. నడుముకు బరువు ఎక్కువైతే కాళ్లు కిందికి జారి, పాదాలకు తొడిగే ఫిన్లు పగడాలను విరుస్తాయి. గుండ్రాయిలా పెరిగే పగడాల్లో చాలావాటికి ఏడాదికి దాదాపు ఒక సెంటీమీటరే పెరుగుదల. సిలిండరు దాదాపు ఖాళీ అయ్యాక, 5 మీటర్ల లోతులో, తేలుడు కోసం గాలి నింపుకునే జాకెట్లో గాలి లేకుండా కదలక నిలవగలిగితే బరువు సరిపోయినట్టు. ఆ స్థితిలో తలవంచి రాస్తూ కూడా నిలవడం తర్వాతి మెట్టు.

చెత్త ఏరే డైవుల్లో వల కనబడగానే లాగకూడదు, దాంతోపాటు పగడమూ ఊడొస్తుంది. పగడం కలిసి పెరిగిపోయిన భాగాన్ని కోసి అక్కడే వదిలేయాలి. బరువైన వాటిని పైకి తేల్చడానికి గాలి సంచి కట్టే పని దానికి వేరే శిక్షణ పొందినవారిదే. 10 మీటర్ల లోతు నుంచి పైకి వచ్చేసరికి సంచిలోని గాలి రెట్టింపవుతుంది, పట్టుతప్పితే డైవరును కూడా లాక్కుపోతుంది.

యాత్రకు డబ్బు కట్టేముందు అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. అంకెలు ఎవరికి చేరతాయి? లెక్కకు ముందు జాతుల గుర్తింపు పరీక్ష ఉందా? మళ్లీ అవే చోట్లకు వెళ్తారా? జవాబు దాటవేస్తే అది విహారయాత్రే అనుకోవచ్చు.

పలక మీది రాతను ఏ రోజుకారోజే పట్టికలోకి ఎక్కించాలి, మర్నాటికి సొంత పొడి అక్షరాలే అర్థం కావు. వరుస డైవుల తర్వాత విమానం ఎక్కేముందు కనీసం 18 గంటలు ఆగాలి కనుక, మిగిలిన అంకెలను జోడీ డైవరుతో సరిచూసుకోవడానికి ఆ చివరి రోజు చక్కగా సరిపోతుంది.