బేస్ గిటార్: మంద్రస్వరం దాగి ఉన్న చోటు

గదిలో ఒంటరిగా మీటుతున్నంతసేపూ బేస్ గిటార్ నిండుగా, గంభీరంగా మోగుతుంది. పక్కన డ్రమ్స్, మరో గిటార్, ఒక గొంతు తోడయ్యేసరికి అదే వాద్యం ఉందో లేదో తెలియకుండా పోతుంది. అప్పుడు చేయి తిన్నగా యాంప్లిఫయర్ మీద ‘బేస్’ అని రాసి ఉన్న నాబ్ దగ్గరికే వెళుతుంది. చివరిదాకా తిప్పుతాం. స్పీకర్ గరగరమంటుంది, కిటికీ అద్దాలు అదురుతాయి, వాయించిన స్వరం మాత్రం ఏదో తెలియదు. చిన్న యాంప్, మామూలు గిటార్ ఉన్నవాళ్లకు ఇంతకన్నా మంచి నాదం రాదని చాలామంది అక్కడితో తేల్చేసుకుంటారు. అది తొందరపాటు తీర్పు. మనం మంద్రం అనుకుని వింటున్నదానిలో పెద్ద భాగం మంద్రస్థాయిలో ఉండనే ఉండదు. ఈ సంగతి అర్థమైతే చవకైన పరికరాలతోనూ చక్కని నాదం రాబట్టవచ్చు.

నాలుగు తీగల బేస్ గిటార్‌లో అన్నిటికన్నా లావైన ‘ఇ’ తీగ సెకనుకు సుమారు 41 సార్లు కంపిస్తుంది. మిగిలిన ‘ఎ’, ‘డి’, ‘జి’ తీగలు వరుసగా 55, 73, 98 సార్లు. అయితే ఏ తీగా ఒకే తీరుగా కంపించదు. మొత్తం నిడివితో ఊగుతూనే రెండు సగాలుగా, మూడు భాగాలుగా, నాలుగు భాగాలుగా కూడా ఊగుతుంది. అందువల్ల 41 హెర్ట్జ్‌తో పాటు 82, 124, 165, 206, ఇలా దాని గుణిజాలు కూడా ఒకేసారి పుడతాయి. భౌతికశాస్త్రంలో వీటిని అనుస్వరాలంటారు, వాద్యకారులు హార్మోనిక్స్ అంటారు. ఏ అనుస్వరం ఎంత పాళ్లలో ఉంది, ఎంతసేపు నిలిచింది అన్నదాన్నే మనం ‘టోన్’ అని పిలుస్తున్నాం.

పాతకాలపు టెలిఫోనును గుర్తుచేసుకోండి. అది సుమారు 300 నుంచి 3,400 హెర్ట్జ్ మధ్య ఉన్న ధ్వనిని మాత్రమే మోసేది. మగవారి గొంతు మూల పౌనఃపున్యం, అంటే అనుస్వరాలన్నిటికీ ఆధారమైన అట్టడుగు స్వరం, సాధారణంగా 100 హెర్ట్జ్‌కు కాస్త అటూ ఇటూ ఉంటుంది. అంటే ఆ మూలస్వరం అవతలి చెవికి చేరేదే కాదు. అయినా నాన్నగారి గొంతు నాన్నగారి గొంతులాగే, అదే గాంభీర్యంతో వినిపించేది. మెదడు చేసే పని ఇది. చేరిన అనుస్వరాల మధ్య దూరం ఎంతుందో చూసి, అవి ఏ మూలస్వరానికి చెందినవో పసిగట్టి, లేని స్వరాన్ని ఉన్నట్టే వినిపిస్తుంది. చర్చిల్లో పైప్ ఆర్గన్ కట్టేవాళ్లు ఈ గుణాన్ని ఎప్పుడో వాడుకున్నారు. 32 అడుగుల గొట్టానికి చోటు లేని చోట 16 అడుగుల గొట్టాన్నీ, పదిన్నర అడుగులు దాటిన మరొక గొట్టాన్నీ కలిపి మోగించి, ఆ పెద్ద గొట్టం ఉన్న భావన కలిగించారు.

చిన్న యాంప్‌లోని చిన్న స్పీకర్ 41 హెర్ట్జ్‌ను సరిగ్గా పలికించలేదు. అందులో దాని తప్పేమీ లేదు. అంతే బిగ్గరగా ఒక స్థాయి కిందికి, అంటే సగం పౌనఃపున్యానికి, దిగి పలకాలంటే స్పీకర్ కోను నాలుగు రెట్లు ఎక్కువ దూరం ముందుకూ వెనక్కూ కదలాలి. నాబ్‌తో 6 డెసిబెల్లు (ధ్వని తీవ్రతకు కొలమానం) పెంచితే ఆ మేరకు యాంప్ నాలుగు రెట్ల శక్తిని ఖర్చుపెట్టాలి. ఇంత శ్రమపడి పుట్టించిన ధ్వనిని అందుకోవడంలో మన చెవి కూడా మందకొడిగానే ఉంటుంది. ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు పరిశోధకులు 1933లోనే ఈ విషయాన్ని కొలిచి చూపారు. 1,000 హెర్ట్జ్ స్వరం లీలగా చెవికి ఆనడానికి కావలసినదానికన్నా సుమారు 50 డెసిబెల్లు ఎక్కువ ఉంటేనే 40 హెర్ట్జ్ స్వరం లీలగా వినబడుతుంది. 200 హెర్ట్జ్ దగ్గరికి వస్తే ఆ తేడా 12 డెసిబెల్ల ప్రాంతానికి పడిపోతుంది.

అందుకే నేను మొదట చెప్పే సలహా చాలామందికి తలకిందులుగా తోస్తుంది. బేస్ నాబ్‌ను సగం కన్నా కొంచెం తగ్గించండి, ‘మిడ్’ నాబ్‌ను పెంచండి. 200 నుంచి 800 హెర్ట్జ్ మధ్య ప్రాంతమే బేస్ గిటార్‌కు మాట స్పష్టత లాంటిది. స్వరం ఎక్కడ మొదలైంది, ఏ స్వరం అన్నది చెవికి అక్కడే తెలుస్తుంది. ఒంటరిగా వింటే ఈ నాదం కాస్త ముక్కుతో పలికినట్టు ఉంటుంది. ఉండనివ్వండి. నలుగురితో కలిసి వాయిస్తూ సరిచేయాలి తప్ప, ఒంటరిగా కూర్చుని టోన్ నిర్ణయించకూడదన్నది నా గట్టి నమ్మకం.

నాబ్‌లకన్నా ముందు వేళ్లున్నాయి. అసలు సంపద అక్కడే ఉంది. దానికి పైసా ఖర్చు లేదు.

తీగను ఏ బిందువు దగ్గర మీటితే, ఆ బిందువు దగ్గర నిశ్చలంగా ఉండాల్సిన అనుస్వరం పుట్టదు. శాస్త్రవేత్త థామస్ యంగ్ పేరుతో ప్రసిద్ధమైన నియమం ఇది. సరిగ్గా మధ్యలో మీటితే రెండు, నాలుగు, ఆరు వంటి సరి అనుస్వరాలన్నీ మాయమై, నాదం గుండ్రంగా, బోలుగా ఉంటుంది. బ్రిడ్జ్ (గిటార్ ఒంటి మీద తీగలు ఆనే కొస) దగ్గరికి జరిగేకొద్దీ పై అనుస్వరాలు బలపడి నాదం బిగువుగా, పదునుగా మారుతుంది. ఎక్కువ బేస్ గిటార్లలో తీగ నిడివి 34 అంగుళాలు, అంటే 864 మిల్లీమీటర్లు. బ్రిడ్జ్ నుంచి 216 మిల్లీమీటర్ల దూరంలో మీటుతున్నామనుకుందాం. అది నిడివిలో నాలుగో వంతు కాబట్టి తెరిచిన, అంటే ఎక్కడా నొక్కని ‘ఎ’ తీగలో నాలుగో అనుస్వరం పోతుంది. ఇప్పుడు చేయి కదపకుండా, అదే స్వరాన్ని ‘ఇ’ తీగ ఐదో ఫ్రెట్ (మెడ మీది అడ్డ లోహపు కడ్డీ) దగ్గర వాయించండి. అక్కడ కంపించే నిడివి 647 మిల్లీమీటర్లే. మన 216 దానిలో మూడో వంతు. ఈసారి పోయేది మూడో అనుస్వరం. 12వ ఫ్రెట్ దగ్గర నొక్కితే మనం మీటే చోటు సరిగ్గా తీగ మధ్యకు వచ్చేస్తుంది. లావు తీగ మీద పై ఫ్రెట్లలో స్వరాలు మొద్దుగా వినిపించడానికి ఇది ఒక ముఖ్య కారణం. ఎడమచేయి పైకి వెళుతున్నప్పుడు కుడిచేతిని బ్రిడ్జ్ వైపు కొద్దిగా జరిపి చూడండి, తేడా వెంటనే తెలుస్తుంది.

వేలి మెత్తదనానికీ పాత్ర ఉంది. వెడల్పైన వేలి కండ తీగను ఎక్కువ మేర తాకుతుంది కాబట్టి సన్నని పై అనుస్వరాలు అక్కడే అణగిపోతాయి. సన్నని, గట్టి ప్లెక్ట్రమ్ (మీటడానికి వేళ్ల మధ్య పట్టుకునే బిళ్ల) వాటిని బతకనిస్తుంది. ఇక బలం సంగతి. గట్టిగా లాగి వదిలిన తీగ మొదటి క్షణంలో శ్రుతికి కాస్త పైన పలుకుతుంది, ఫ్రెట్లకు తగిలి టకటకమంటుంది, ఆ వెంటనే నీరసిస్తుంది. వేలి ఒత్తిడి సగానికి తగ్గించి, ఆ లోటును యాంప్ వాల్యూమ్‌తో పూడ్చితే స్వరాలన్నీ ఒకే బరువుతో, నిలకడగా వస్తాయి. కంప్రెసర్ అనే పరికరం కొని సాధించాలనుకునే సమానత్వంలో చాలా భాగం ఇలాగే దొరుకుతుంది.

ఇందుకు ఉదాహరణగా జేమ్స్ జేమర్సన్‌ను తలచుకోకుండా ఉండలేను. 1960లలో డెట్రాయిట్ నగరంలోని మోటౌన్ స్టూడియోలో ఆయన వాయించిన బేస్ ఎన్నో వందల పాటలకు వెన్నెముక అయింది. కుడిచేతి చూపుడువేలు ఒక్కటే వాడేవారు. చదునైన చుట్టు ఉన్న తీగలు కట్టుకుని, వాటిని మార్చడానికి ఇష్టపడేవారు కాదు. గిటార్ ధ్వని పెద్ద యాంప్లిఫయర్ల జోలికి పోకుండా నేరుగా స్టూడియో మిక్సింగ్ బల్లకు చేరేది. 1983లో ఆయన మరణించారు. ఆ ఒక్క వేలి నాదాన్ని అందుకోవాలని నేటికీ వాద్యకారులు సాధన చేస్తూనే ఉన్నారు.

తీగల విషయంలో రెండు దారులున్నాయి. గుండ్రని చుట్టు ఉన్న తీగలు కొత్తలో పియానోలా గణగణ మోగుతాయి, కొన్ని వారాలకు చెమట, చర్మపు పొట్టు చుట్ల మధ్య చేరి మూగబోతాయి. చదునైన తీగలు మొదటి నుంచీ మెత్తగా ఉంటాయి, ఏళ్ల తరబడి అలాగే ఉంటాయి. డబ్బు ఖర్చుపెట్టదలిస్తే మొదట తీగల మీదే పెట్టమంటాను. ఇంకో చిన్న ఉపాయం: బ్రిడ్జ్ దగ్గర తీగల కింద స్పాంజి ముక్క ఒకటి దూర్చండి. స్వరం తొందరగా ఆగి, తబలా డగ్గా మీద పడ్డ దెబ్బలా ముద్దగా వస్తుంది. 1951లో వచ్చిన ఫెండర్ ప్రెసిషన్ బేస్‌కు బ్రిడ్జ్ మూత లోపల ఇలాంటి మెత్త ఉండేది. మీటని తీగలను కూడా వేళ్లతో ఆనించి ఉంచాలి. ‘బి’ స్వరం వాయిస్తే ఎవరూ తాకని ‘ఇ’ తీగ కూడా తన మూడో అనుస్వరంతో వంత పాడుతుంది. మనం బురద అని విసుక్కునే మసక నాదంలో ఇలాంటి వంతలకు పెద్ద వాటా ఉంటుంది.

తీగ కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే పికప్ అంటే అయస్కాంతం, దాని చుట్టూ సన్నని రాగి తీగ చుట్ట. ఫారడే 1831లో కనుగొన్న విద్యుదయస్కాంత ప్రేరణే దాని ప్రాణం. స్క్రూలతో దాన్ని తీగలకు దగ్గరగా లేపితే ధ్వని పెరుగుతుంది. మరీ దగ్గరైతే అయస్కాంతం తీగను లాగి శ్రుతిని చెదరగొడుతుంది. కాబట్టి లావు తీగ వైపు కొంచెం దించి, నాలుగు తీగలూ సమానంగా పలికేలా చూసుకోవాలి. బ్యాటరీ లేని గిటార్‌ను కంప్యూటర్‌లోని మామూలు లైన్ ఇన్‌పుట్‌కు తగిలిస్తే నాదం దుప్పటి కప్పినట్టుంటుంది. ఆ ఇన్‌పుట్ నిరోధం తక్కువ కావడమే కారణం. సుమారు 10 లక్షల ఓమ్‌ల నిరోధం ఉండే ఇన్‌స్ట్రుమెంట్ ఇన్‌పుట్‌కు తగిలిస్తే ఆ దుప్పటి తొలగుతుంది. కేబుల్ పొడవు పెరిగినా పై అనుస్వరాలు తరుగుతాయి కనుక అవసరమైనంత పొడవే చాలు.

చివరికి గది. 41 హెర్ట్జ్ తరంగం పొడవు 8 మీటర్ల పైచిలుకు. చిన్న గదిలో అలాంటి తరంగాలు గోడల మధ్య కొట్టుకుంటూ, ఒక చోట పోగుపడి మరో చోట ఖాళీ అవుతాయి. మూలలో పెట్టిన యాంప్ హోరెత్తుతుంది, గది నడుమ నిలబడితే అదే స్వరం అదృశ్యమవుతుంది. యాంప్‌ను మూల నుంచి లాగి, కుర్చీ మీద పెట్టి, చెవుల వైపు వంచండి. నేల మీద ఉన్నంతకాలం దాని స్పష్టత అంతా మోకాళ్లకే వినిపిస్తూ ఉంటుంది.

ఇన్ని సవరణలూ చేశాక ఫోనును శ్రోతలు కూర్చునే చోట పెట్టి రికార్డు చేయండి. ఇయర్‌ఫోన్ వాడకుండా ఆ ఫోను స్పీకర్లోనే వినండి. ఆ బుల్లి స్పీకర్‌కు 41 హెర్ట్జ్ అందదు, 82 కూడా దాదాపు అందదు. అయినా మీరు వాయించిన బేస్ వరుసను దానితో పాటు తప్పు లేకుండా కూనిరాగం తీయగలిగితే, వాయించిన అనుస్వరాలు చేరవలసిన చోటికి చేరినట్టే. తీయలేకపోతే బేస్ నాబ్‌ను అలాగే వదిలి, కుడిచేతిని రెండు అంగుళాలు బ్రిడ్జ్ వైపు జరిపి మళ్లీ రికార్డు చేయండి.