కాలెండులా విత్తనం నకిలీదా? అపోహలు - వాస్తవాలు

అపోహ: బంతి నారు పోసినప్పుడే కాలెండులా కూడా పోసేయొచ్చు.

జూలై, ఆగస్టుల్లో కడియం వైపు ఏ నర్సరీలోనైనా వినపడే మాటే ఇది: "దసరాకి పూస్తాయని పోశామండీ, ఒక్కటీ లేవలేదు. నకిలీ విత్తనాలు అంటగట్టారు." వాళ్ళ బాధ ప్యాకెట్టు డబ్బుల గురించి కాదు, రోజూ నీళ్ళు పోసిన శ్రమ గురించి. కానీ విత్తనం మంచిదే, కాలమే కాదు. పువ్వు బంతిలా కనిపించినా ఇది చలికాలపు మొక్క. మట్టిలో వేడి 15 నుంచి 25 డిగ్రీలుంటే వారం పదిరోజుల్లో మొలుస్తుంది. 30 దాటితే చాలావరకు మొలవదు, ఆ తడిలోనే కుళ్ళిపోతుంది. మన గోదావరి డెల్టాలో నాగుల చవితి దాటాక, నవంబరులో పోసుకోండి. ఏడెనిమిది వారాలకి పూత మొదలవుతుంది. డిసెంబరు మొదట్లో పోసినా నష్టం లేదు, పూసే రోజులు తగ్గుతాయంతే. మార్చి ఎండలకి ఎలాగూ పోతుంది, నీళ్ళు ఎక్కువ పోసి ఆపలేరు.

అపోహ: పైన చల్లి నీళ్ళు చిలకరిస్తే చాలు.

వంపు తిరిగి, వీపున ముళ్ళున్న ఈ గింజకి మొలవడానికి చీకటి కావాలి. సెంటీమీటరు లోతున పెట్టి కప్పండి. ఉత్త నల్లమట్టి వద్దు, పైన అట్టకట్టి మొలకని రానివ్వదు. సగం కోకోపీట్ (కొబ్బరి పొట్టు), పావు ఇసుక, పావు బాగా చివికిన పశువుల ఎరువు కలిపి, ట్రేలో గదికో గింజ. నవంబరులో తుపాను వానల్ని నమ్మలేం, ట్రేలు చూరు కిందే ఉంచండి. మొలక కనపడ్డ రోజే పొద్దుటి ఎండ తగలనివ్వాలి, లేదంటే సాగి పడిపోతుంది. మొదలు దారంలా సన్నబడి వాలిందంటే నారుకుళ్ళు. నీళ్ళు తగ్గించి, లీటరుకి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే తెగులు మందు కలిపి మొదళ్ళు తడపండి. నాలుగైదు ఆకులొచ్చాక ఎత్తు మడి మీద అడుగు ఎడంగా నాటండి. కుండీ అయితే పది అంగుళాలది, మొక్కకొకటి.

అపోహ: కాలెండులా పక్కనుంటే వంగ వేర్లకి నులిపురుగు పట్టదు.

అది బంతి వేర్ల గుణం, దీనిది కాదు. పైగా దీనికే పేనుబంక పడుతుంది. లీటరుకి 5 మి.లీ. వేపనూనె, కాస్త సబ్బునీళ్ళు కలిపి సాయంత్రం ఆకుల అడుగున కొట్టండి.

మిగతావి చిన్నవే. ప్యాకెట్లో రకరకాల ఆకారాల గింజలుంటే కల్తీ కాదు, ఒకే పువ్వులో అలాగే కాస్తాయి. సాయంత్రం రేకులు ముడుచుకుంటే వాడిపోయినట్టు కాదు. యూరియా ఎక్కువేస్తే ఆకే తప్ప పువ్వుండదు. వాడిన పువ్వు తుంచకపోతే కొత్త మొగ్గలు తగ్గుతాయి. రేకులు తినొచ్చు, మందు కొట్టిన మొక్కవి మాత్రం కాదు. చామంతి పడనివాళ్ళకి ఇదీ పడకపోవచ్చు. విత్తనానికి రెండు పువ్వులు చెట్టునే ఎండనిచ్చి, గింజలు గాజు సీసాలో బిగించి దాచండి. కాగితం పొట్లంలో ఉంచితే మన ఉక్కకి తేమ పట్టి పాడవుతాయి.