గుండె ఆగడం కారణం కాదు

మెడికల్ విద్యార్థి ఫోరెన్సిక్ క్లాసులో ముందుగా వదిలించుకోవాల్సిన మాట ఒకటుంది: 'కార్డియో రెస్పిరేటరీ అరెస్ట్'. మరణ ధ్రువీకరణ ఫారంలో మరణ కారణం గడిలో దీన్ని రాసేసి సంతకం పెట్టే డాక్టర్లు చాలామందే ఉన్నారు. గుండె, ఊపిరి ఆగకుండా పోయినవాళ్లు ఎవరూ లేరు కదా. అవి ఎందుకు ఆగాయని ఫారం అడుగుతోంది. లారీ గుద్ది తలకు దెబ్బ తగిలి, మెదడులో రక్తం గడ్డకట్టి, పది రోజులు ఐసీయూలో ఉండి, న్యుమోనియాతో పోయాడనుకోండి. పై గీత మీద న్యుమోనియా, కింది గీత మీద తల గాయం రాయాలి. కథ మొదలైంది ఆ గాయంతోనే. పై ముక్క ఒక్కటే రాస్తే రోడ్డు ప్రమాదం కాస్తా ఊపిరితిత్తుల జబ్బయి కూర్చుంటుంది.

కారణం తెలిసినా పని సగమే అయినట్టు. ప్రమాదమా, ఆత్మహత్యా, హత్యా అన్నది వేరే ప్రశ్న. దీనికి మన దగ్గరే పాత ఉదాహరణ ఉంది. 1693 ఆగస్టులో మద్రాసు సెయింట్ జార్జి కోటలో ఈస్టిండియా కంపెనీ కౌన్సిల్ సభ్యుడు జేమ్స్ వీలర్ వైద్యుడిచ్చిన మందు తాగి చనిపోయాడు. ఎడ్వర్డ్ బల్క్‌లీ అనే డాక్టరు శవాన్ని కోసి పరీక్షించాడు. భారతదేశంలో నమోదైన తొలి మెడికో లీగల్ (చట్టపరమైన విచారణ కోసం చేసే) పోస్ట్‌మార్టం ఇదేనని చెబుతారు. వైద్యం చేసిన శామ్యూల్ బ్రౌన్ తన మందే ప్రాణం తీసిందని తానే ఒప్పుకున్నాడు. ఆర్సెనిక్ అనే విషం నూరిన కల్వాన్ని కడగకుండా అందులోనే మందు కోసం ముత్యాల పొడి నూరారట! శరీరంలో ఆర్సెనిక్‌ను పట్టిచ్చే మార్ష్ పరీక్ష 1836 దాకా రానేలేదు. అది అప్పటికే ఉన్నా, కడుపులో విషం ఉందని తేలేదే తప్ప, అది పొరపాటో పగో తేలేది కాదు. ఆ సంగతి కల్వం దగ్గరుంది.

మన దేశంలో ఆ కల్వాన్ని చూసేది పోలీసులు. 2024 జులై నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 194వ సెక్షన్ కింద అనుమానాస్పద మరణాల్లో శవ పంచనామా వాళ్లే చేస్తారు. కస్టడీ మరణమైతే మేజిస్ట్రేటు విచారణ ఉంటుంది. పెళ్లయి ఏడేళ్లు నిండని స్త్రీ అనుమానాస్పదంగా చనిపోతే పోస్ట్‌మార్టం తప్పనిసరి. డాక్టరు మాత్రం సాధారణంగా ఘటనా స్థలానికి వెళ్లడు. బల్ల మీద శవం, చేతిలో పంచనామా కాగితం, అంతే. ఈ పద్ధతిలో పెద్ద లోటు ఇదేనని నా అభిప్రాయం. అందుకే మంచి పోస్ట్‌మార్టం రిపోర్టులో 'హత్య' అనే మాట కనబడదు. ఆ గాయాలు మామూలుగా ప్రాణం తీయడానికి సరిపోతాయా లేదా అని మాత్రమే ఉంటుంది. మిగతాది కోర్టు చూసుకుంటుంది.

చూడగానే తోచే అర్థాన్ని శవం చాలాసార్లు తప్పని తేలుస్తుంది. మంటల్లో కాలిన మనిషి మోచేతులు మడిచి, పిడికిళ్లు బిగించి, కలబడడానికి దిగినట్టు కనిపిస్తాడు. చివరిదాకా పెనుగులాడాడని బంధువులు ఏడుస్తారు. నిజానికి అది వేడికి కండరాల్లోని ప్రోటీన్లు గడ్డకట్టి కుంచించుకుపోవడం. చనిపోయాక తగలబెట్టినా అలాగే అవుతుంది. మంట అంటుకునేసరికి ఊపిరి ఉందా అన్నది శ్వాసనాళంలో చూడాలి. లోపలిదాకా మసి ఉంటే, రక్తంలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటే, అప్పటికి బతికే ఉన్నట్టు.

మరణ సమయం సంగతి ఇంకా చిక్కు. శవం చల్లబడే వేగాన్ని బట్టి గంటలు లెక్కగట్టే సూత్రాలు చల్లని దేశాల్లో పుట్టాయి. మే నెలలో రామగుండంలోనో రెంటచింతలలోనో బయటి వేడి 44 డిగ్రీలుంటే 37 డిగ్రీల శరీరం చల్లబడేదెక్కడ? కండరాలు బిగుసుకోవడం తొందరగా మొదలై తొందరగానే వదులుతుంది. పొట్ట కుడివైపు కింద పచ్చటి మచ్చ చలికాలంలో ఒకటి రెండు రోజులకు వచ్చేది, ఎండాకాలంలో పన్నెండు నుంచి పద్దెనిమిది గంటలకే వచ్చేస్తుంది. రాత్రి 9.20కి చంపారని చెప్పే డాక్టరు సినిమాల్లోనే ఉంటాడు. అసలు డాక్టరు ఇన్ని గంటల నుంచి ఇన్ని గంటల లోపు అంటాడు, అదీ వాతావరణం కనుక్కున్నాకే.

ఇక మన పల్లెల్లో తరచూ వచ్చే పురుగుమందు కేసు. విషం కోసం పంపే విసెరాను, అంటే కడుపు, కాలేయం లాంటి లోపలి అవయవాల భాగాలను, సంతృప్త ఉప్పు ద్రావణంలో పెట్టాలి, మైక్రోస్కోపు పరీక్షకు పంపే ముక్కల్ని ఫార్మలిన్ అనే రసాయనంలో. ఈ రెండూ తారుమారైతే అంతే సంగతులు, ఫార్మలిన్‌లో పడ్డ విసెరాలో చాలా విషాల్ని పట్టుకోవడం కష్టం. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎఫ్‌ఎస్‌ఎల్ (ఫోరెన్సిక్ సైన్స్ ల్యాబొరేటరీ) లాంటి ల్యాబ్ నుంచి రిపోర్టు వచ్చేదాకా డాక్టరు తుది అభిప్రాయం ఆపి ఉంచుతాడు. తీరా చూస్తే 'విషం లేదు' అని రావచ్చు. మందు తాగినవాడు వారం రోజులు ఆస్పత్రిలో చికిత్స పొంది చనిపోతే విషం అప్పటికే విరిగి, శరీరం నుంచి వెళ్లిపోయి ఉంటుంది. అలాంటప్పుడు పనికొచ్చేది మొదటి రోజు క్యాజువాలిటీలో కడుపు కడిగి తీసిన నీళ్లు. డ్యూటీలో ఉన్న హౌస్‌సర్జన్ ఎంఎల్‌సీ (మెడికో లీగల్ కేసు) రాసి, ఆ నీళ్లను సీసాలో పట్టి, సీలు వేసి పోలీసులకు ఇచ్చాడా, సింకులో పారబోశాడా అన్నదాని మీదే కేసు ఆధారపడుతుంది. ఆ హౌస్‌సర్జన్ రేపు కళ్ల డాక్టరు కావచ్చు, మార్చురీ గడప మళ్లీ తొక్కకపోనూవచ్చు.